కారు తలుపు తీసినా లోపలి లైట్లు వెలగకుండా స్విచ్ పెట్టుకోవాలంటే

మీరు అడిగింది ఇది: అమావాస్య దగ్గరపడినప్పుడల్లా మీరు కొందరు మిత్రులు కలిసి టెలిస్కోపులతో వికారాబాద్ వైపు, అనంతగిరి గుట్టల దాకా వెళ్తున్నారు. రాత్రి ఐపీస్ (టెలిస్కోపుకి కన్ను పెట్టి చూసే కటకం) కోసమో స్వెట్టర్ కోసమో ఎవరో ఒకరు కారు తలుపు తీయగానే పైన రూఫ్ లైటు, కింద కాళ్ళ దగ్గర లైట్లు, వెనక డిక్కీ లైటు వెలిగి అందరి కళ్ళూ చెదురుతున్నాయి. మీ ఇంటి దగ్గరున్న ఆటో ఎలక్ట్రీషియన్ డోర్ స్విచ్ వైరు తెంచి మధ్యలో ఒక స్విచ్ పెడతానన్నాడు. అలా చేయించవచ్చా, రాత్రంతా తలుపులు తెరుస్తూ మూస్తూ ఉంటే బ్యాటరీ దిగిపోతుందా అని మీ ప్రశ్న.

స్విచ్ పెట్టుకోండి. సులభమైన పనే, ఖర్చూ పెద్దగా ఉండదు. కానీ ఆయన చెప్పిన చోట మాత్రం పెట్టించకండి. తలుపు తెరిచి ఉందన్న సంగతి కారుకి ఎప్పుడూ తెలుస్తూనే ఉండాలి, దీపం ఒక్కటే ఆరాలి. కాబట్టి డోర్ స్విచ్ వైరు జోలికి వెళ్ళకుండా, దీపానికి వెళ్ళే వైరులో స్విచ్ పెట్టాలి. కార్ల వైరింగ్ నా వృత్తి, చీకటి రాత్రుల్లో ఆకాశం చూడటం నాకు ఇష్టమైన పని. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఒక లైటుకి ఇంత హడావిడి ఎందుకని మీ ఇంట్లో ఎవరైనా అడిగితే ఇలా చెప్పండి. చీకట్లోకి వెళ్ళిన పది నిమిషాల్లో కన్ను కొంత సర్దుకుంటుంది. కానీ మసక వెలుగుని పట్టుకునే రాడ్ కణాలు పూర్తిగా సిద్ధమవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. వాటిలో ఉండే రొడాప్సిన్ అనే పదార్థం గట్టి వెలుగు పడితే విడిపోతుంది, మళ్ళీ తయారవడానికి అంత సమయమూ కావాలి. పైగా ఆ కణాలు నీలం, ఆకుపచ్చ మధ్య రంగులకి బాగా స్పందిస్తాయి. ఇప్పటి కార్లలో వచ్చే తెల్లటి ఎల్ఈడీల్లో నీలం పాలు ఎక్కువ. ఆండ్రోమెడా గెలాక్సీని ఉత్త కంటితో పట్టుకుందామని ఊరు దాటి అంత దూరం వెళ్ళినవాళ్ళకి ఒక్క తలుపు తీయడంతో అరగంట పోతుంది. ఉస్మానియా యూనివర్సిటీ తన 48 అంగుళాల టెలిస్కోపుని నగరంలో కాకుండా జపాల్-రంగాపూర్ దాకా తీసుకెళ్ళి పెట్టింది. చీకటికి అంత విలువుంది.

వైరు ముట్టుకునే ముందు మీ కారులో ఇప్పటికే ఏమేం ఉన్నాయో చూడండి. రూఫ్ లైటుకి సాధారణంగా మూడు స్థానాల స్విచ్ ఉంటుంది: ఎప్పుడూ వెలిగేది, తలుపుతో వెలిగేది, అసలు వెలగనిది. ఆ మూడోదానిలో పెడితే రూఫ్ లైటు సంగతి తీరిపోతుంది. వెనక సీటు మీద విడిగా లైటుంటే దానికీ అంతే. కొన్ని కొత్త కార్లలో స్క్రీన్ మీద సెట్టింగుల్లోకి వెళ్తే లోపలి లైట్లు ఆర్పే ఆప్షన్ ఉంటుంది. ఓనర్స్ మాన్యువల్ తీసి ఆ పేజీ ఒకసారి చదవండి. ఫ్యూజ్ పీకేస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు, నాకు నచ్చదు. లోపలి లైట్ల ఫ్యూజ్ మీదే చాలా కార్లలో గడియారం, మ్యూజిక్ సిస్టమ్ మెమరీ, ఇంకా ఏవేవో ఆధారపడి ఉంటాయి. చీకట్లో ఆ ఫ్యూజ్ కింద పడితే వెతకడానికి టార్చ్ వేయాలి.

ఇంకో చిట్కా కూడా ఉంది. తలుపు తెరిచి, తలుపు అంచున ఉన్న లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసుకున్న స్థితికి తోస్తే, తలుపు మూసి ఉందనుకుని కారు లైట్లు ఆర్పేస్తుంది. ఇది లాచ్‌లోనే డోర్ స్విచ్ ఉన్న కార్లలో పనిచేస్తుంది. ఎప్పుడో ఒకసారి వెళ్ళేవాళ్ళకి ఇది చాలు. అయితే తలుపు మూసే ముందు హ్యాండిల్ లాగి లాచ్‌ని మళ్ళీ తెరవాలి. మరిచిపోయి గట్టిగా మూస్తే లాచ్ వెళ్ళి స్ట్రైకర్‌కి, అంటే అది పట్టుకునే ఇనప కొక్కేనికి, కొట్టుకుంటుంది. ఏదో ఒకటి వంగుతుంది, ఆ తర్వాత తలుపు సరిగ్గా పడదు. ఇంకో ప్రమాదం: అన్ని తలుపులూ మూసి ఉన్నాయనుకుని కొన్ని కార్లు కాసేపటికి వాటంతట అవే లాక్ అవుతాయి. తాళంచెవి జేబులో ఉంచుకునే ఈ పని చేయండి. మీలా తరచుగా, గుంపుగా వెళ్ళేవాళ్ళకి నేను దీన్ని సిఫార్సు చేయను. చీకట్లో చేతులు తిమ్మిరెక్కి ఉన్నప్పుడు ఎవరో ఒకరు తలుపు మూసేస్తారు.

ఇక వైరింగ్. లోపలి లైట్లు రెండు పద్ధతుల్లో పనిచేస్తాయి, మీది ఏదో ముందు తేల్చుకోవాలి.

మొదటిది పాత పద్ధతి. మారుతి 800, పాత ఆల్టో లాంటి కార్లలో తలుపు మూసుకునే చోట, పిల్లర్ మీద రబ్బరు తొడుగున్న చిన్న పిన్ స్విచ్ ఉంటుంది. బల్బుకి ప్లస్ ఫ్యూజ్ నుంచి నేరుగా వచ్చి ఎప్పుడూ నిలబడే ఉంటుంది. తలుపు తీయగానే పిన్ బయటికొచ్చి మైనస్ వైపు వైరుని బాడీకి, అంటే ఎర్త్‌కి కలుపుతుంది, బల్బు వెలుగుతుంది. రూఫ్ లైటు విప్పి చూస్తే మూడు కనెక్షన్లు కనిపిస్తాయి: ఒకటి ఎప్పుడూ ఉండే ప్లస్, ఒకటి నేరుగా ఎర్త్, ఒకటి తలుపుల నుంచి వచ్చే వైరు. కొన్నిట్లో లైటు బిగించిన స్క్రూనే ఎర్త్, అప్పుడు వైర్లు రెండే ఉంటాయి.

రెండోది ఇప్పటి పద్ధతి. డోర్ స్విచ్ లాచ్ లోపలే ఉంటుంది. అది నేరుగా దీపాన్ని వెలిగించదు, డ్యాష్‌బోర్డు కింద ఉండే బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కి, అంటే మెకానిక్కులు బీసీఎం అనే డబ్బాకి సమాచారం ఇస్తుంది. దీపాన్ని వెలిగించాలా, ఎంతసేపు, ఎంత మెల్లగా ఆర్పాలి అన్నది బీసీఎం నిర్ణయిస్తుంది. తలుపు మూశాక లైటు నెమ్మదిగా మసకబారి ఆరిపోతుంటే మీది దాదాపుగా ఈ రకమే. కాళ్ళ దగ్గర లైట్లున్నాయని రాశారు కాబట్టి మీ కారు కూడా ఇదే అనుకుంటున్నాను.

మల్టీమీటర్‌తో ఖాయం చేసుకోవచ్చు. లైటు కవరు తీసి, నల్ల ప్రోబ్‌ని బాడీ లోహానికి పెట్టి, ఎర్ర ప్రోబ్‌తో రెండు టెర్మినల్స్‌నీ విడివిడిగా చూడండి. తలుపులన్నీ మూసి లైటు ఆరిపోయాక కూడా దీపం దగ్గర 12 వోల్టులు కనిపిస్తుంటే ప్లస్ ఎప్పుడూ ఉంటోంది, తెంపు మైనస్ వైపున జరుగుతోంది. తలుపు తీస్తేనే 12 వచ్చి, మూశాక ఆ అంకె కొన్ని సెకన్లలో దిగుతూ సున్నాకి చేరితే బీసీఎం ప్లస్ వైపు నుంచి వెలిగిస్తోంది. బీసీఎం ఉన్న కార్లలో బల్బు పెట్టిన పాత టెస్ట్ ల్యాంప్ వాడనివ్వకండి. అది లాగే కరెంటు సున్నితమైన వైర్లకి మంచిది కాదు. జంటగా మెలిపెట్టిన రెండు వైర్లు కనిపిస్తే అవి డేటా వైర్లు, వాటిని గుచ్చకూడదు.

ఇప్పుడు మీ ఎలక్ట్రీషియన్ చెప్పిన మాట దగ్గరికి వద్దాం. డోర్ స్విచ్ వైరు తెంచితే లైటు ఆరుతుంది, నిజమే. కానీ ఆ ఒక్క స్విచ్ మీద ఎన్ని పనులు నడుస్తాయో చూడండి. స్టీరింగ్ ముందుండే మీటర్‌లో తలుపు తెరిచి ఉందని చూపే గుర్తు దాని మీదే వస్తుంది. హెడ్‌లైట్లు వేసి దిగిపోతుంటే కూసే బజర్, తాళంచెవి లోపలే ఉందన్న హెచ్చరిక, తలుపులు మూశాకే లాక్ పడే పద్ధతి, దొంగల అలారం అన్నీ దానితోనే. వైరు తెంచి ఉన్నప్పుడు వెనక తలుపు సరిగ్గా పడకపోయినా మీటర్ ఏమీ చెప్పదు. తెల్లవారుజామున నిద్రమత్తుతో చేవెళ్ల రోడ్డు మీద వస్తుంటే, వెనక సీట్లో పిల్లలు పడుకుని ఉంటే, ఆ చిన్న ఎర్ర గుర్తు ఎంత అవసరమో మీకే తెలుస్తుంది. స్విచ్ తిరిగి వేయడం మరిచిపోయే రోజు ఏదో ఒకటి వస్తుంది. ఆ రోజు పోయేది ఒక దీపం వెలుగు మాత్రమే అయ్యేలా పని చేయించుకోవాలి. అందుకే ఈ విషయంలో నేను రాజీ పడను.

పాత పద్ధతి కారులో ఇది చాలా తేలిక. తలుపుల నుంచి వచ్చే వైరు రూఫ్ లైటుని చేరేచోట, దీపానికి వీలైనంత దగ్గరగా స్విచ్ పెడితే మీటర్ గుర్తుకీ బజర్‌కీ వెళ్ళే శాఖలు అలాగే ఉంటాయి. రూఫ్ లైటుకైతే దాని సొంత స్విచ్ చేసేది కూడా సరిగ్గా ఇదే, కాబట్టి కొత్తది అక్కర్లేదు. ఎవరైనా పిల్లర్ దగ్గర పిన్ స్విచ్ విప్పితే మాత్రం ఆ వైరుకి వెంటనే టేపు చుట్టి బయటికి అంటించమనండి. చేయి వదిలితే వైరు పిల్లర్ లోపలికి జారిపోతుంది, మళ్ళీ పట్టుకోవడం పెద్ద పని.

బీసీఎం కారులో, బీసీఎం నుంచి దీపానికి వెళ్ళే వైరులో స్విచ్ పెట్టాలి. కాళ్ళ దగ్గరి లైట్లు డ్యాష్‌బోర్డు కిందే ఉంటాయి, వైరు చేతికందేంత దగ్గరలో దొరుకుతుంది. ఒకే వైరు ముందుకు వచ్చి డ్రైవర్ వైపుకీ పక్క సీటు వైపుకీ చీలుతుంటే, చీలక ముందు ఒక్కచోట తెంచితే రెండూ ఆగిపోతాయి. రూఫ్ లైటు వైరు కూడా చాలా కార్లలో డ్యాష్‌బోర్డు కింద నుంచే ముందు పిల్లర్ గుండా పైకి వెళ్తుంది. దాన్ని కిందే ఒక కప్లర్ (వైర్లని కలిపే ప్లగ్గు) దగ్గర గుర్తుపట్టగలిగితే పైకప్పు విప్పే పనే ఉండదు. ఆ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ దగ్గరుంటే వైరు రంగు, కప్లర్‌లో పిన్ నంబరు చూసుకోవచ్చు. దీపం వైరు మధ్యలో తెరుచుకుంటే బీసీఎంకి హాని ఏమీ జరగదు. దానికి అది బల్బు మాడిపోయినట్టే కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త ఉంది. రూఫ్ లైటుకి ఒక వైరు, కింది లైట్లకి ఇంకో వైరు బీసీఎం నుంచి విడివిడిగా వస్తుంటే, రెండింటినీ ఒకే స్విచ్‌కి తెచ్చే తొందరలో ఒకదానితో ఒకటి కలపకూడదు. ఆరు కాళ్ళున్న డబుల్ పోల్ స్విచ్ తీసుకోండి. ఒక్క మీట నొక్కితే రెండు సర్క్యూట్లూ తెగుతాయి, లోపల మాత్రం వేరువేరుగానే ఉంటాయి.

డిక్కీ లైటు గురించి మీరు ఒక్క మాటే రాశారు గానీ, మన పనిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. మౌంటు (టెలిస్కోపుని పట్టి తిప్పే భాగం), ట్రైపాడ్, బ్యాటరీలు, టిఫిన్ డబ్బాలు అన్నీ అక్కడే ఉంటాయి, రాత్రంతా డిక్కీ తెరుస్తూనే ఉంటాం. దాని స్విచ్ డిక్కీ లాచ్‌లో ఉంటుంది. దీపం పక్క గోడలో బిగించి ఉంటే పని చాలా తేలిక. సన్నటి ప్లాస్టిక్ పట్టీతో ఒక వైపు నుంచి లేపితే దీపం మొత్తం ఊడి చేతికొస్తుంది, వెనక రెండు వైర్లుంటాయి. వాటిలో ఒకదాన్ని తెంచి, ఆ పక్కనే ప్లాస్టిక్ ప్యానెల్‌లో చిన్న స్లైడ్ స్విచ్ పెట్టేయండి. ముందు దాకా వైరు లాగడం నాకు వ్యర్థంగా అనిపిస్తుంది. ఊరు దాటే ముందు సామాన్లు సర్దుతూనే ఆ స్విచ్ ఆర్పేస్తే సరిపోతుంది. దీపం డిక్కీ తలుపులోనే ఉంటే వైర్లు కీలు దగ్గర రబ్బరు గొట్టంలోంచి వెళ్తాయి. ఆ గొట్టంలో అతుకులు పెట్టనివ్వకండి, తలుపు ఎత్తి దించినప్పుడల్లా అవి వంగి కొన్నాళ్ళకి తెగుతాయి. దీపం దగ్గరే పని కానివ్వండి. మొత్తానికి ముందు ఒక స్విచ్, డిక్కీలో ఒకటి, ఈ రెండే చాలు. లైటుకొక స్విచ్ చొప్పున వరసగా పెట్టుకుంటే చీకట్లో ఏది ఏదో తెలియదు. గ్లోవ్ బాక్స్ లైటుకి స్విచ్ అక్కర్లేదు, బల్బు పీకి కవర్లో పెట్టుకోండి.

స్విచ్ ఎంచుకునేటప్పుడు లోపల లైటు వెలిగే రకం తీసుకోకండి. షాపులో అవే ముందు చూపిస్తారు, అందంగా ఉంటాయి, కానీ నీలం చుక్క వెలిగే స్విచ్ పెట్టుకుంటే మనం ఆర్పిన చీకటికి అర్థం ఉండదు. వేలితో తడిమితే ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో తెలిసే టాగుల్ స్విచ్ నాకు ఇష్టం. కిందికి ఉంటే మామూలు, పైకి ఉంటే చీకటి, అని రెండు స్విచ్‌లకీ ఒకే పద్ధతి పెట్టుకోండి. 12 వోల్టుల డీసీకి ఎన్ని ఆంపియర్లో స్విచ్ మీద రాసి ఉందేమో చూడండి. 250 వోల్టుల ఏసీకి రాసిన రేటింగు డీసీకి అలాగే వర్తించదు, డీసీలో స్పార్కు ఆరడం కష్టం. అయితే మన లైట్లు తీసుకునేది తక్కువే. 10 వాట్ల పాత బల్బు 0.8 ఆంపియర్లు, 5 వాట్లది 0.4, ఎల్ఈడీ అయితే అందులో చిన్న భాగం. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే టాగుల్ స్విచ్‌లు, స్లీవులు, రెసిస్టర్లు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఆటో వైరు, కప్లర్లు, ఫ్యూజ్ హోల్డర్ల కోసం రాణిగంజ్ వెళ్ళండి. ఇంట్లో స్విచ్‌బోర్డుకి వాడే ఒంటి తీగ వైరు కారుకి పనికిరాదు, కుదుపులకి విరుగుతుంది. సన్నటి పోగులు చాలా ఉన్న ఆటో వైరే కావాలి.

వైరు మందం గురించి చాలామంది బల్బుని చూసి లెక్క వేస్తారు. ఫ్యూజ్‌ని చూసి వేయాలి. ఆ లైన్‌లో 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటే, మీరు పెట్టిన సన్న వైరు ఎక్కడైనా లోహానికి రాసుకుని షార్ట్ అయినప్పుడు ఫ్యూజ్ పోయేలోపే వైరు కాలుతుంది. రెండు దారులున్నాయి: కారులో ఉన్న వైరు కన్నా సన్నం కానిది వాడటం, లేదా మీ కొత్త వైరు మొదలయ్యేచోటే 2 లేదా 3 ఆంపియర్ల చిన్న ఫ్యూజ్ ఒకటి వరసలో పెట్టడం. ప్లస్ వైపు పనిచేస్తుంటే నేను రెండూ చేస్తాను. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు, దానితో పాటు చిన్న ఫ్యూజ్.

అతుకుల దగ్గర తొందరపడే ఎలక్ట్రీషియన్‌ని కాస్త ఆపండి. వైరు మీద నొక్కి బిగించే నీలం క్లిప్పులు త్వరగా అయిపోతాయి గానీ లోపలి పోగుల్ని కోస్తాయి, ఏడాది తిరిగేసరికి తుప్పు పట్టి లూజవుతాయి. సోల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే గొట్టం) తొడగడం, లేదా సరైన టూలుతో క్రింప్ చేయడం, అంటే లోహపు తొడుగుతో నొక్కి బిగించడం, ఈ రెండింట్లో ఏదైనా పర్వాలేదు. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు మాత్రం వద్దు. మే నెలలో మన ఎండకి నిలబెట్టిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి జిగురు కారి టేపు ఊడిపోతుంది. కంపెనీ వైరింగ్‌కి చుట్టే గుడ్డ టేపు దొరుకుతుంది, అది తెమ్మనండి. వైర్లని వేలాడదీయకుండా పాత కట్టలకే ప్లాస్టిక్ టైలతో బిగించాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు పెట్టేవాళ్ళకి ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు, వేలాడే వైరే వాటికి ముందు దొరుకుతుంది.

ఎయిర్‌బ్యాగుల విషయంలో ఎవరి మాటా వినకండి. పసుపు తొడుగు లేదా పసుపు కప్లర్ ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగులవి. వాటిని విప్పకూడదు, మీటరు పెట్టకూడదు. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (పక్క కిటికీల మీదుగా పైనుంచి విచ్చుకునేది) ఉన్న కారులో ముందు పిల్లర్ కవర్ వెనక కొత్త వైరు లాగించకండి. బ్యాగు విచ్చుకునే దారిలో ఒక టై, ఒక వైరు అడ్డుపడినా అది తెరుచుకునే తీరు మారిపోతుంది. పై లైట్లకి వాటి సొంత స్విచ్‌లు వాడుకోండి, కొత్త స్విచ్ కింది లైట్లకి పెట్టుకోండి అని నేను అనడానికి అసలు కారణం ఇదే. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. తర్వాత గడియారం, కొన్ని కార్లలో పవర్ విండో ఆటో సెట్టింగు మళ్ళీ పెట్టుకోవాలి.

అంత పని చేయిస్తున్నప్పుడు ఎర్ర దీపం కూడా పెట్టించుకోండి, దాని అవసరం అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది. పూర్తి చీకట్లో కారులో ఏదీ కనిపించక మళ్ళీ ఫోన్ టార్చే వేస్తారు. పొడవు తరంగాల ఎర్ర వెలుగుకి రాడ్ కణాలు దాదాపుగా స్పందించవు, కాబట్టి మసక ఎర్ర దీపం కింద వస్తువులు వెతుక్కోవచ్చు. రెండు వైపులా ఆన్, మధ్యలో ఆఫ్ ఉండే టాగుల్ స్విచ్ దొరుకుతుంది. తలుపు తీసినప్పుడు వచ్చే కరెంటు ఒక వైపు వేస్తే తెల్ల లైటుకి, మరో వైపు వేస్తే ఎర్ర ఎల్ఈడీకి వెళ్తుంది, మధ్యలో ఉంచితే దేనికీ వెళ్ళదు. మామూలు 5 మిల్లీమీటర్ల ఎర్ర ఎల్ఈడీ ఒకటి తీసుకుని, దానికి వరసగా 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. ఎల్ఈడీ మీద సుమారు 2 వోల్టులు పోతే మిగిలిన పదికి రెండు మిల్లీ ఆంపియర్ల పైచిలుకు కరెంటు వస్తుంది. పట్టపగలు అది వెలుగుతోందో లేదో కూడా తెలియదు, చీకటికి అలవాటుపడ్డ కంటికి మాత్రం అదే సరిపోతుంది. ఇంకా ఎక్కువ అనిపిస్తే రెసిస్టర్‌ని 10 కిలో ఓమ్‌లకి పెంచండి. తెల్ల బల్బు మీద ఎర్ర కాగితం అంటించి సరిపెట్టకండి, వెలుగు ఎక్కువైతే ఎరుపైనా కంటిని చెడగొడుతుంది.

మీరు పాత బల్బులు తీసి ఎల్ఈడీలు వేయించుకుని ఉంటే ఇంకొకటి గమనించండి. కొన్ని కార్లలో బీసీఎం లైటు ఆర్పాక కూడా ఆ లైన్‌లో అతి కొద్ది కరెంటు కారుతూ ఉంటుంది. పాత ఫిలమెంట్ బల్బు దానికి వెలగదు, ఎల్ఈడీ మాత్రం మినుకుమినుకుమంటూ కనిపిస్తుంది. ఊళ్ళో తెలియదు, అనంతగిరిలో స్పష్టంగా తెలుస్తుంది. వైరులో స్విచ్ పెట్టి తెంచితే ఇది దానంతట అదే పోతుంది. స్విచ్ లేని మిగతా లైట్లలో ఉంటే, బల్బుకి సమాంతరంగా 1 కిలో ఓమ్, అర వాటు రెసిస్టర్ పెడితే ఆగుతుంది.

బ్యాటరీ లెక్క చూద్దాం. చిన్న కారులో 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉందనుకోండి. అన్నీ కలిపి 20 వాట్ల పాత బల్బులు వెలిగితే 1.7 ఆంపియర్లు పోతాయి. ఐదు గంటలు తలుపో డిక్కీనో తెరిచే ఉంచితే ఎనిమిదిన్నర ఆంపియర్ అవర్లు, అంటే దాదాపు నాలుగో వంతు. కొత్త బ్యాటరీ తట్టుకుంటుంది. మన ఎండల్లో మూడు నాలుగేళ్ళు నలిగిన బ్యాటరీలో ఆ 35 ఇప్పుడు 35 కాదు, పైగా వికారాబాద్ చలిలో తెల్లవారుజామున స్టార్టర్‌కి వందకి పైగా ఆంపియర్లు కావాలి. స్విచ్ పెడితే ఈ దీపాల ఖర్చు పోతుంది. కానీ తలుపు తెరిచి ఉందని తెలిసినంతసేపూ చాలా కార్లలో కంప్యూటర్లు నిద్రపోవు. మూసి లాక్ చేసి నిద్రలో ఉన్న కారు 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు తింటే, మేలుకున్న కారు దానికి ఎన్నో రెట్లు తింటుంది. కాబట్టి లైటు వెలగడం లేదు కదా అని తలుపులు బార్లా వదలకండి, సామాను తీసుకోగానే మూసేయండి. టెలిస్కోపు మౌంటుకి కారు సాకెట్ నుంచి కరెంటు తీసుకోవద్దు, వేరే బ్యాటరీ తెచ్చుకోండి.

లోపలి లైట్లు ఆర్పినా కారు ఇంకా అనేక చోట్ల వెలుగుతుంది. రిమోట్ నొక్కితే ఇండికేటర్లు మెరుస్తాయి. కొన్ని కార్లలో హెడ్‌లైట్లు కూడా కాసేపు వెలుగుతాయి, దాన్ని సెట్టింగుల్లో ఆపుకోవచ్చు. రిమోట్ బదులు తాళంచెవితో తీద్దామంటే, రిమోట్‌తో లాక్ చేసిన కారు కొన్ని మోడళ్ళలో అలారం మోగిస్తుంది, ఇంటి దగ్గరే పరీక్షించి చూసుకోండి. ఎలాగూ మనం కారు పక్కనే ఉంటాం కాబట్టి లాక్ చేయకపోవడం మేలు. బటన్ స్టార్ట్ కార్లలో బ్రేకు తొక్కితే వెనక బ్రేకు లైట్లు గట్టిగా వెలుగుతాయి, బయల్దేరేటప్పుడు అందరికీ చెప్పి స్టార్ట్ చేయండి. రివర్స్ లైటు తెల్లగా ఉంటుంది. వచ్చినప్పుడే కారు ముక్కు రోడ్డు వైపు తిప్పి పెట్టుకుంటే వెళ్ళేటప్పుడు రివర్స్ వేసే పని లేదు. ఆటోమేటిక్ కారైతే పార్కింగ్ నుంచి డ్రైవ్‌కి వచ్చేటప్పుడు రివర్స్ మీదుగానే వస్తుంది, ఆ క్షణం లైటు మెరుస్తుంది. దాన్ని ఆపడానికి ఎవరూ బయటి లైట్ల వైర్లు తెంచవద్దు. రోడ్డు మీద వెనకవాడికి కనిపించాల్సిన దీపాలవి.

వారంటీ ఇంకా ఉంటే కంపెనీ వైరు కోయించకండి. అదే కప్లర్ ఆడ, మగ జత దొరికితే మధ్యలో దూర్చే చిన్న తోక వైరు చేయించుకోవచ్చు, స్విచ్ దానిలో ఉంటుంది. సర్వీసుకి ఇచ్చే ముందు పీకేసి అసలు కప్లర్లని కలిపేస్తే కారు మునుపటిలాగే ఉంటుంది. కోసిన వైరు కనిపిస్తే, తర్వాత ఏ ఎలక్ట్రికల్ ఫిర్యాదు వచ్చినా దాన్నే కారణంగా చూపే వీలుంటుంది. కోయక తప్పకపోతే స్విచ్ ఎక్కడుంది, ఏ రంగు వైరులో పెట్టారు అన్నది కాగితం మీద రాసి మాన్యువల్‌లో పెట్టండి.

పని అయ్యాక ఎలక్ట్రీషియన్ వెళ్ళేలోపే ఇవి చూసుకోండి. స్విచ్ చీకటి స్థానంలో ఉంచి నాలుగు తలుపులూ, డిక్కీ ఒక్కొక్కటిగా తీయండి, ప్రతిసారీ మీటర్‌లో తలుపు గుర్తు రావాలి. హెడ్‌లైట్లు వేసి డ్రైవర్ తలుపు తీస్తే, మీ కారుకి ముందు నుంచీ బజర్ ఉంటే, అది మోగాలి. రిమోట్ లాక్ మునుపటిలాగే పడాలి. వీటిలో ఏ ఒక్కటి రాకపోయినా స్విచ్ తప్పు వైరులో పడిందని అర్థం, డబ్బు ఇవ్వకముందే మార్పించండి. మీ కారు మోడల్, సంవత్సరం, రూఫ్ లైటు వెనక ఎన్ని వైర్లున్నాయో కింద రాస్తే, ఏ వైరులో పెట్టాలో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.